ముగ్గు పెట్టని ఇల్లు

గుట్టబస్తీ పటం గీసిన నాటికి సాయిలు చనిపోయి వారం కాలేదు.

పటం గీయించింది మున్సిపాలిటీ. ఏ బస్తీకి ఏ పని కావాలో ఆ బస్తీ యువకులే చెప్పాలని 1998 వేసవిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యువజన సంఘం పటం గీయాలి, అవసరాలు చూపించాలి, బస్తీ సభలో అందరిచేత సరే అనిపించాలి. తర్వాత మంజూరు, ఆ తర్వాత పని. మాదాపూర్ నుంచి కొండాపూర్ పోయే రోడ్డు పక్కన, పాత క్వారీ వెనక ఉంటుంది గుట్టబస్తీ. క్వారీలో రాళ్ళు కొట్టడానికి వచ్చినవాళ్ళు వేసుకున్న ఇళ్ళు అవి. స్థలం సర్కారుది. పట్టాలు ఎవరికీ లేవు. క్వారీ మూతపడింది, ఇళ్ళు ఉండిపోయాయి. ఇప్పుడు అక్కడివాళ్ళు ఎదురుగా లేస్తున్న టవర్ల దగ్గర కూలికి పోతున్నారు.

సంఘానికి అధ్యక్షుడు తిరుపతి, సాయిలు కొడుకు. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు ఎక్కించే పని అతనిది. కార్యదర్శి జ్యోత్స్న డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె తండ్రి లారీ మీద పోతే వారం దాకా రాడు. తల్లి కనకలక్ష్మి టవర్ల దగ్గర క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. బస్తీకి ఏం కావాలో తేల్చడానికి సంఘం కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని లేకపోయింది. బోరింగు ఎండిపోయింది. ట్యాంకరు వస్తే నీళ్ళు ఉంటాయి, రాకపోతే ఉండవు. టవర్ల కోసం రోడ్డు వెంట పెద్ద పైపు వేస్తున్నారు. దాని నుంచి ఒక పాయ బస్తీకి తీసుకుని, ఒక ట్యాంకు కట్టించుకుంటే చాలు.

పటం ఎట్లా గీయాలో చూపించడానికి రోహిత్ వచ్చాడు. ప్లానింగ్ కోర్సు చివరి సంవత్సరం చదువుతున్నాడు. మున్సిపాలిటీ అతన్ని కొన్ని నెలల పనికి తీసుకుంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఉంటాడు, తండ్రి తణుకు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. కాగితం మీద గీస్తే నలుగురే చూస్తారనీ, నేల మీద గీస్తే బస్తీ అంతా నిలబడి తప్పులు దిద్దుతుందనీ రోహిత్ చెప్పాడు. బడి ముందు నేల ఊడ్చి ముగ్గుతో గీయమన్నాడు. ఆ పద్ధతి అతనికి క్లాసులో నేర్పించారు.

ముందురోజు జ్యోత్స్న అతన్ని బస్తీ అంతా తిప్పింది. పైవీధి మొదట్లో మాత్రం ఆగిపోయారు. దూరంగా సాయిలు ఇంటి ముందు చాప మీద చుట్టాలు కూర్చుని ఉన్నారు. అటు చావైంది, తర్వాత పోదాం అని జ్యోత్స్న చెప్పింది. రోహిత్ తల ఊపి వెనక్కి తిరిగాడు. తర్వాత మళ్ళీ అటు పోలేదు.

ముగ్గు అనేసరికి పని ఆడపిల్లల చేతికి వచ్చింది. మగపిల్లలు నేల ఊడ్చారు. నీళ్ళు చల్లాల్సి వచ్చినప్పుడు పేచీ వచ్చింది. ట్యాంకరు నీళ్ళు మన్నులో పొయ్యడానికి చుక్క కూడా ఇయ్యనని కనకలక్ష్మి బిందె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నీళ్ళు లేవని చెప్పడానికి ఇన్ని నీళ్ళెందుకని అడిగింది. కుర్రాళ్ళు క్వారీ గుంతలోంచి మోసుకొచ్చారు.

గీసే చెయ్యి పింకీది. బస్తీ పెద్ద లింగమూర్తి కూతురు, పదో తరగతి రాసి ఇంట్లో ఉంది. ముందు రోడ్డు, తర్వాత క్వారీ, నాలా, వీధులు గీసింది. పోచమ్మ గుడి దగ్గర పసుపు చల్లింది. ఇళ్ళ దగ్గరకు వచ్చేసరికి రోహిత్ ఇంటికో డబ్బా గీస్తే చాలన్నాడు. డబ్బా బోసిగా ఉంటుందని ఆడపిల్లలు ఒప్పుకోలేదు. ఇంటికో చిన్న ముగ్గు పెడతామన్నారు. రోహిత్‌కు అందులో నష్టం కనిపించలేదు.

కింది నుంచి ఒక్కో ఇల్లూ పెట్టుకుంటూ వచ్చారు. ఎవరిల్లు వస్తే వాళ్ళు పక్కకు వచ్చి నిలబడి, తలుపు ఇటు కాదు అటు అని చెప్పారు. బస్తీ పైభాగంలో రెండు వీధులు కలిసే చోట పింకీ చెయ్యి ఆగింది. అది సాయిలు ఇల్లు.

"వాళ్ళకు దినాలు కాలే అక్కా," అంది పింకీ.

"ఇడిసిపెట్టు," అంది జ్యోత్స్న.

పింకీ పక్కింటికి జరిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చూశారు, ఏమీ అనలేదు. చావు జరిగిన ఇంటికి దినాలు అయ్యేదాకా ముగ్గు పెట్టరు. అది ఒకరికొకరు చెప్పుకోవాల్సిన సంగతి కాదు. రోహిత్ అప్పుడు బడి గోడ ఎక్కి, ఫోటో తీయడానికి ఎండ ఎటు ఉందో చూసుకుంటున్నాడు.

అంతా అయ్యాక ఏమైనా మిగిలిందా అని అతను అందరినీ అడిగాడు. ఒకాయన తన మేకల కొట్టం గీయలేదన్నాడు. ఇంకొకాయన వెలగని దీపస్తంభం కూడా పెట్టమన్నాడు. రెండూ పెట్టారు. లింగమూర్తి కొబ్బరికాయ కొట్టాడు. అటువంటి సమయంలో చావిల్లు సంగతి ఎవరూ ఎత్తరు. రోహిత్ గళ్ళ కాగితం మీద పటాన్ని ఎక్కించుకున్నాడు. పైభాగంలో రెండు వీధులు కలిసే చోట ఏమీ లేదు కాబట్టి ఖాళీ స్థలం అని రాశాడు. ట్యాంకు ఎత్తులో ఉండాలని మున్సిపాలిటీ ఇంజనీరు ముందే చెప్పి ఉన్నాడు. ఖాళీ స్థలం ఎత్తులోనే ఉంది.

మరునాడు సభ జరిగింది. బస్తీ పైన ఖాళీ జాగాలో నీళ్ళ ట్యాంకు అని చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. సాయిలు ఇల్లు దాటాక ఒక బండ ఉంది, దాని పక్కన కొంచెం జాగా ఉంది. అందరూ అదే అనుకున్నారు. తిరుపతి సభకు రాలేదు, తండ్రి దినాల పనిలో ఉన్నాడు. సాయిలు భార్య రుక్కమ్మ రాలేదు. మంచి పని మొదలుపెట్టే చోటికి తాను రాకూడదని ఆమె అనుకుంది, వస్తే బాగుండదని మిగతావాళ్ళు కూడా అనుకున్నారు. స్థలం ఖాళీగా ఉందనీ, అందులో ఎవరూ లేరనీ సంఘం తరఫున జ్యోత్స్న సంతకం చేసింది.

మంజూరు శ్రావణంలో వచ్చింది. కాంట్రాక్టరు మనుషులు టేపు, సున్నం పట్టుకుని వచ్చారు. రోడ్డు నుంచి కొలుచుకుంటూ ఎక్కి, రుక్కమ్మ ఇంటి ముందు ఆగారు. పటం చూశారు, ఇల్లు చూశారు, మళ్ళీ పటం చూశారు. అప్పుడు ఆమె లోపల జొన్నరొట్టె చేస్తోంది. చప్పుడు విని తలుపు దగ్గరకు వచ్చేసరికి ఒకడు గుమ్మం ముందు సున్నం గీత పోస్తున్నాడు. గీత గోడ దాకా వచ్చి ఆగింది, ఇంటి అవతల మళ్ళీ మొదలైంది. ఇల్లు ఎప్పుడు తీస్తారని మేస్త్రీ అడిగాడు. ఏ ఇల్లు అని ఆమె అడిగింది. అతను పటం చూపించాడు. ఆమెకు చదువు రాదు. ఆఫీసులో తేల్చుకోండి, మేం పది రోజుల్లో తవ్వాలి అని చెప్పి వాళ్ళు దిగిపోయారు.

జ్యోత్స్న సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి సున్నం గీత చుట్టూ జనం ఉన్నారు. తిరుపతి చేతిలో మేస్త్రీ వదిలిపోయిన పటం జిరాక్సు ఉంది. ఆమె దాన్ని తీసుకుని చూసింది. పింకీ ఆమె భుజం మీదుగా తొంగి చూసింది.

"మనమే పెట్టలేదు గదక్కా," అంది నెమ్మదిగా.

ఆ మాటతో అక్కడున్నవాళ్ళకు జరిగింది అర్థమైంది. కొందరు ఇళ్ళకు పోయారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు.

మరునాడు జ్యోత్స్న, తిరుపతి మున్సిపాలిటీకి పోయారు. తిరుపతి ఆ రోజు డ్యూటీ మానుకున్నాడు. ప్లానింగ్ సెక్షన్లో ఆ ఫైలు విశ్వేశ్వరరావు అనే ఉద్యోగి దగ్గర ఉంది. అమలాపురం వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్నాడు. అతని బల్ల కిందా, కిటికీ మీదా ఫైళ్ళే. పక్క బల్ల దగ్గర రోహిత్ కూర్చుని ఉన్నాడు. జ్యోత్స్న జరిగిందంతా చెప్పింది. ముగ్గు సంగతి చెబుతున్నప్పుడు రోహిత్ లేచి నిలబడ్డాడు. తన అమ్మమ్మ పోయినప్పుడు తమ ఫ్లాటు ముందు కూడా ముగ్గు వేయలేదని అతనికి గుర్తొచ్చింది.

"నేను అడగాల్సిందండి," అన్నాడు.

"అడిగితే చెప్పేవాళ్ళేనయ్యా. అడగాలని నీకు తెలియద్దూ?" అన్నాడు విశ్వేశ్వరరావు.

తర్వాత ఆయన వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి విషయం వివరించాడు. తొందరపడలేదు. ఇట్లాంటివి చాలాసార్లు చెప్పిన మనిషిలా చెప్పాడు. స్థలంలో ఇల్లు ఉందని తాను రాస్తే ఫైలు వెనక్కి పోతుంది. మళ్ళీ సభ జరగాలి, మళ్ళీ అంచనా వేయాలి, మళ్ళీ మంజూరు కావాలి. బండ పక్కకు జరపవచ్చు కదా అని తిరుపతి అడిగాడు. అక్కడ బండ పేల్చాలి, అది వేరే అంచనా, వేరే ఫైలు. టవర్లు తెరవబోతున్నారు, పెద్దవాళ్ళు వస్తారు, ఆ లోపల రోడ్డు మీద తారు పడాలి. తారు పడ్డాక ఆ రోడ్డు తవ్వడానికి ఏళ్ళ తరబడి అనుమతి ఇవ్వరు. అంటే ఇప్పుడు పోయిన నీళ్ళు మళ్ళీ ఎప్పుడు వస్తాయో చెప్పలేడు. ఖాళీ అని రాస్తే ఇల్లు పోతుంది. పట్టా లేదు కాబట్టి పరిహారం రాదు. మున్సిపాలిటీ రికార్డులో గుట్టబస్తీలో అసలు ఇళ్ళే లేవు, క్వారీ పోరంబోకు అని ఉంది.

"ఇల్లు కనిపిస్తుంటే ఖాళీ అని ఎట్ల రాస్తరు సార్?" అని అడిగింది జ్యోత్స్న.

"మీరు రాశారు కదమ్మా," అన్నాడు ఆయన. అందులో కోపం లేదు. సోమవారం తాను వచ్చి స్థలం చూస్తాననీ, సంఘం ఏం చెబితే అది రాస్తాననీ అన్నాడు. ఇల్లు ఉందని చెప్పేట్టయితే ముందు చేసిన సంతకం తప్పని ఆమె రాసివ్వాలి. అట్లా రాసిచ్చిన సంఘానికి తర్వాత ఏ పనీ రాదు. ఆ సంగతి కూడా ఆయన దాచలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తిరుపతి కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. కొత్తగూడ దాటాక, తల్లిని ఒప్పిస్తానని చెప్పాడు. నైట్ డ్యూటీలు, తండ్రి చావు, ఇప్పుడు ఇది. ఎవరితోనూ కొట్లాడే ఓపిక తనకు లేదన్నాడు.

"నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె. సంతకం పెట్టు. మేం యాడన్న ఉంటం," అన్నాడు.

ఆదివారం లింగమూర్తి ఇంటి ముందు బస్తీ కూడింది. లింగమూర్తి చెడ్డవాడు కాదు. నాలా పక్కన జాగా ఉంది, అందరం చెయ్యేసి రేకులు దించి, గోడలు లేపి ఇస్తాం అన్నాడు. నలుగురు కుర్రాళ్ళు తాము వస్తామన్నారు. వానొస్తే అక్కడ మోకాళ్ళ దాకా నీళ్ళు నిలుస్తాయని అందరికీ తెలుసు. అందుకే ఆ జాగా అన్నేళ్ళుగా అట్లా ఉండిపోయింది. కొంచెం మన్ను పోసి ఎత్తు చేస్తే సరిపోతుందని ఒకరన్నారు. రుక్కమ్మ ఆ కూటానికి కూడా రాలేదు. కొడుకు ఆమె తరఫున తల ఊపాడు. ఆమెను అడిగావా అని ఎవరూ అతన్ని అడగలేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు జ్యోత్స్న తల్లితో మాట్లాడింది. రుక్కమ్మ పెద్దమ్మ నాలా కాడ ఎట్లా ఉంటుందని అడిగింది. కనకలక్ష్మి కంచం పక్కన పెట్టింది. క్యాంటీన్ సబ్బుకు ఆమె వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఉంది.

"నేనీ బస్తీకి వచ్చిన సంది నా నెత్తి మీద బిందె ఉంది," అంది. "నీ ఒక్క సంతకంతోని దిగుతది. రుక్కమ్మ నాకు అక్క లెక్క. కాదంటలేను. కాని బిందె దిగుతది."

జ్యోత్స్న రెండు కంచాలూ తీసుకుని లేచింది. తల్లి చెప్పినదాంట్లో కాదనడానికి ఏమీ లేదు.

సోమవారం పొద్దున విశ్వేశ్వరరావు గొడుగు పట్టుకుని వచ్చాడు. వెంట రోహిత్ ఉన్నాడు. పనికి పోయే వేళ కావడంతో ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతోనే నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. విశ్వేశ్వరరావు ఇంటి చుట్టూ నడిచాడు, గోడ చేత్తో తట్టాడు, రేకులు చూశాడు. రాళ్ళు కొట్టేవాడు కట్టుకున్న ఇల్లు కాబట్టి గోడలు రాతివి. తర్వాత ఆయన ఫైలు తెరిచి, సంఘం ఏమంటుందో చెప్పమని జ్యోత్స్నను అడిగాడు.

జ్యోత్స్న నోరు తెరవకముందే తలుపు తెరుచుకుంది. రుక్కమ్మ బయటికి వచ్చింది. సాయిలు పోయినప్పటి నుంచి ఆమె జనం పనికి పోయే వేళ వాకిట్లోకి రావడం మానేసింది. ఎదురైతే బాగుండదని ఎవరూ అనకముందే తనే మానుకుంది. ఇప్పుడు వస్తే ఇద్దరు ఆడవాళ్ళు మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆమె అది చూసింది. ఇంకో అడుగు ముందుకు వేసింది.

"లోపలికి పోవే అమ్మా, నేను మాట్లాడుత గద," అన్నాడు తిరుపతి.

"నువ్వు మాట్లాడింది ఇన్న," అంది రుక్కమ్మ. తర్వాత అందరి వైపు తిరిగింది. "సచ్చింది ఆయన. నేను సావలే. దినాలెల్లి ఎన్నొద్దులాయె, ఇగ ఇల్లున్నదని ఎవరికీ యాదికి రాలేదా? మీ నీళ్ళకు నేను అడ్డమొస్తలేను. నేను గూడ మీ లెక్కనే మోస్తున్న. ఇల్లున్నది, నేనున్న. ఉన్నదాన్ని లేదని ఎట్ల రాస్తరో నా ముందర రాయుండ్రి."

లింగమూర్తి గొంతు సవరించుకుని ఏదో అనబోయాడు, పింకీ తండ్రి మోచెయ్యి పట్టుకుంది. విశ్వేశ్వరరావు గొడుగు మడిచాడు. జ్యోత్స్న తన తల్లి వైపు చూసింది. కనకలక్ష్మి టవర్ల వైపు చూస్తోంది.

"ఇల్లుంది సార్," అంది జ్యోత్స్న. "ముందు రాసింది తప్పు. రాసిస్త."

విశ్వేశ్వరరావు రుక్కమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రాశాడు. చాలాసేపు రాశాడు. రాసింది రోహిత్‌తో అందరికీ వినిపించేట్టు చదివించాడు. ప్రతిపాదిత స్థలంలో రాతిగోడలు, రేకుల కప్పు గల రెండు గదుల ఇల్లు ఉన్నదనీ, అందులో కీర్తిశేషులు సాయిలు భార్య రుక్కమ్మ, కుమారుడు తిరుపతి నివాసం ఉంటున్నారనీ, స్థలం ఖాళీగా లేదనీ అందులో ఉంది. జ్యోత్స్న కింద సంతకం చేసింది. రుక్కమ్మ వేలిముద్ర వేసింది. ముద్ర కొట్టి, ఒక నకలు ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇవ్వాలని నిబంధన ఉందని చెప్పి, ఆయన దాన్ని తిరుపతి చేతిలో పెట్టాడు. అరుగు దిగేటప్పుడు రోహిత్ వెనక్కి తిరిగి జ్యోత్స్నతో ఏదో చెప్పాలనుకున్నాడు. ఆమె అప్పటికే ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని పోతోంది.

ఫైలు వెనక్కి పోయింది. రోడ్డు మీద తారు పడింది, మధ్యలో చెట్లు నాటారు. టవర్లు తెరిచిన రోజున బస్తీవాళ్ళను ఇళ్ళలోంచి రావద్దన్నారు. సాయంత్రం అద్దాల మీద పడిన వెలుగు క్వారీ దాకా కనిపించింది. ట్యాంకరు ఎప్పటిలాగే వచ్చినప్పుడు వచ్చింది. యువజన సంఘం మళ్ళీ కూడలేదు. రద్దు చేయలేదు, ఎవరూ పిలవలేదు, అంతే. ట్యాంకరు దగ్గర జ్యోత్స్న బిందె పెడితే పక్కనున్న బిందెలు కాస్త జరిగేవి. ఇది నీళ్ళ సంఘం సెక్రటరీ బిందె, దీన్ని ముందు నింపండి అని ఒకామె అంది. నవ్వినవాళ్ళు నవ్వారు. కనకలక్ష్మి కూతురితో అన్నం పెట్టేటప్పుడు తప్ప మాట్లాడటం మానేసింది. రుక్కమ్మ పొద్దునే వాకిట్లోకి వస్తోంది. ఎదురైనవాళ్ళు ఎదురవుతున్నారు.

చలికాలంలో తిరుపతి ఆ నకలు పట్టుకుని మీటరు కోసం కరెంటాఫీసుకు పోయాడు. అంతకుముందు రెండుసార్లు పోతే, ఇల్లు ఉందనడానికి సర్కారు కాగితం ఏదైనా తెమ్మని పంపించేశారు. బస్తీలో అందరూ స్తంభం మీది తీగకు కొండి తగిలించి కరెంటు వాడుకునేవాళ్ళే. లైన్‌మన్ వచ్చినప్పుడల్లా కొండ్లు లాగి పడేసి, బెదిరించి పోతాడు. ఈసారి గుమాస్తా నకలు చదివి, ముద్ర చూసి, పెద్దసారు దగ్గరకు తీసుకుపోయాడు. కొన్ని వారాల తర్వాత రుక్కమ్మ ఇంటి గోడకు మీటరు బిగించారు. గుట్టబస్తీలో మొదటి మీటరు అది.

లింగమూర్తి వచ్చి మీటరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నకలు తెప్పించుకుని పింకీతో చదివించుకున్నాడు. మరునాడు అతనే జ్యోత్స్న ఇంటికి వచ్చాడు. ఆ సారును ఇంకోసారి పిలిపించి, తన ఇల్లు కూడా ఉందని రాయించమన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. ఆదివారానికి సగం బస్తీ వచ్చింది.

జ్యోత్స్న వెళ్ళి విశ్వేశ్వరరావును అడిగింది. రోహిత్ పని అప్పటికే అయిపోయింది, పక్క బల్ల ఖాళీగా ఉంది. ఆయన ఆమెను గుర్తుపట్టి కూర్చోమన్నాడు. విన్నాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తాను ఉత్తినే పోయి ఎవరింటి గురించీ రాయలేనని చెప్పాడు. ఆ ఇల్లు లేదని ఒక కాగితం అంది కాబట్టి, ఉందని ఇంకో కాగితం రాయాల్సి వచ్చింది. మిగతా ఇళ్ళు లేవని ఎవరూ అనలేదు.

"మరి ఆ పటంల ఉన్నయి గద సార్," అంది జ్యోత్స్న.

"అది మీరు గీసుకున్న పటం అమ్మా. మంజూరు కాలేదు. దానికి విలువ లేదు," అన్నాడు ఆయన. "మిగతావాళ్ళకు ఏం చెప్పాలో నాకూ తెలియదు."

ఆమె బస్సు దిగి బస్తీలోకి వచ్చేసరికి ట్యాంకరు వచ్చి ఉంది. కనకలక్ష్మి వరసలో నిలబడి, రెండో బిందె కూతురి కోసం పక్కన పెట్టి ఉంచింది. జ్యోత్స్న ఆఫీసులో విన్నదంతా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా విన్నారు. కొందరు మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నారు. రెండోసారి చెప్పాక వరస కదిలింది. కనకలక్ష్మి గొట్టం కింద బిందె పెట్టి, అది నిండేదాకా నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది. తర్వాత ఆ నెలలన్నిటిలో మొదటిసారి కూతురిని తనంతట తనే పలకరించింది.

"అయితే మనిల్లు గూడ లేదని రాయి," అంది. "మల్ల ఆ సారే వచ్చి ఉన్నదని రాస్తడు."

ఆమె నవ్వులాటకు అనలేదు. వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వలేదు. వెనక నుంచి ఒకామె, మాది గూడ, అంది. జ్యోత్స్న బిందెను నెత్తి మీది చుట్టకుదురు మీదికి ఎత్తుకుని ఒకసారి సర్దుకుంది.

"అడిగి చూస్త," అంది.